జాంగోలో ప్రాజెక్ట్ మొదలుపెడుతున్నారా, ముందు తెలుగు డేటా పొయ్యండి

ఈమధ్య కొత్తగా జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేర్చుకున్న పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు, అన్నా ట్యుటోరియల్ అయిపోయింది, ఇప్పుడు నిజం ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలి అని. ఫోల్డర్లు ఎలా సర్దాలి, క్లాస్ వ్యూలా ఫంక్షన్ వ్యూలా, ఫ్రంటెండ్‌కి రియాక్ట్ పెట్టాలా వద్దా, ఇవే డౌట్లు. ఇవన్నీ తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చండి. నేను చెప్పేది ఒక్కటే, మోడల్స్, అంటే డేటా ఏ ఆకారంలో ఉండాలో చెప్పే కోడ్, రాసి, దాన్నిబట్టి టేబుల్స్ తయారుచేసే మైగ్రేట్ కొట్టిన రోజే డేటాబేస్‌లోకి నిజమైన డేటా పోసేయండి. నిజమైనది అంటే రెండు రకాలుగా, లెక్కలో నిజం అంటే వేలల్లో రికార్డులు ఉండాలి, రాతలో నిజం అంటే రేపు వాడేవాళ్ళు ఏ అక్షరాల్లో టైప్ చేస్తారో ఆ అక్షరాల్లోనే ఉండాలి. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అని పది రికార్డులు పెట్టుకుని కట్టిన యాప్‌లో ఏ తప్పూ కనపడదు, అన్నీ కనపడేది లైవ్‌కి వెళ్ళాకే.

జాంగో అంటే నాకు చాలా ఇష్టం, అది ముందే చెప్పేస్తున్నా. 2003లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పేపర్ ఆఫీసులో ఆడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు వాళ్ళ వెబ్‌సైట్ల పని కోసం రాసుకున్న కోడ్ అది, 2005 జులైలో అందరికీ ఓపెన్ చేశారు. న్యూస్ సైట్లలో పుట్టింది కాబట్టే ఆ అడ్మిన్ అంత బాగుంటుంది, రిపోర్టర్లు కూర్చుని డేటా ఎక్కించుకునేలా. మనకి కూడా అదే పనికొస్తుంది, డేటా ఎక్కించే స్క్రీన్లు మొదటి రోజే రెడీ. కానీ ఇంగ్లీష్ పేపర్ ఆఫీసులో పుట్టినదానికి ఇంగ్లీష్ అలవాట్లు కొన్ని ఉంటాయి, అవి మన డేటా పోస్తే తప్ప బయటపడవు.

నేను ఇప్పుడు ఒక చిన్న గ్రంథాలయానికి కేటలాగ్ చేస్తున్నా, పుస్తకాలు, రచయితలు, సభ్యులు, ఎవరు ఏది తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగివ్వాలి, అంతే, పెద్ద యాప్ ఏం కాదు. దాన్నే పట్టుకుని చెప్తా.

ముందు యూజర్‌నేమ్ సంగతి. జాంగోతో వచ్చే యూజర్ మోడల్ యూనికోడ్ పేర్లు, అంటే ఏ భాష అక్షరాల్లో ఉన్నవైనా, తీసుకుంటుంది అని డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది, నిజమే తీసుకుంటుంది. 'కమల' అని కొట్టి చూడండి, హాయిగా తీసుకుంటుంది. ఇప్పుడు 'కమలా' అని దీర్ఘం ఇచ్చి కొట్టండి, తీసుకోదు, అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే ఉండాలి అని ఎర్రగా ఎర్రర్ వస్తుంది. 'రాము' తీసుకోదు, 'పవన్' తీసుకోదు. ఎందుకంటే ఆ చెకింగ్ పైథాన్ రెజెక్స్‌లో (అక్షరాల నమూనా సరిచూసే పద్ధతి) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద నడుస్తుంది, పైథాన్ లెక్కలో అది అక్షరాలకీ అంకెలకీ అండర్‌స్కోర్‌కీ మాత్రమే మ్యాచ్ అవుతుంది, మన గుణింతాలు, పొల్లు, సున్నా ఇవన్నీ యూనికోడ్‌లో అక్షరాలు కావు, మార్కులు అనే వేరే కేటగిరీ. గుణింతం లేకుండా తెలుగు పేర్లు ఎన్ని ఉంటాయి చెప్పండి. అందుకని నేనైతే ఏ ప్రాజెక్ట్‌లో అయినా మొదటి మైగ్రేషన్‌కి ముందే సొంత యూజర్ మోడల్ పెట్టేస్తా, లాగిన్‌కి ఫోన్ నంబర్, పేరుకి వేరే ఫీల్డ్, ఆ పేరు మీద ఏ రెజెక్స్ ఉండదు, వాళ్ళ పేరు వాళ్ళిష్టం. ఇది మొదట్లోనే చెయ్యాలి, ఎందుకంటే సగం దూరం వెళ్ళాక యూజర్ మోడల్ మార్చాలంటే దాన్ని పట్టుకుని ఉన్న ఫారిన్ కీలన్నీ (వేరే టేబుళ్ళ నుంచి దాన్ని చూపించే లింకులు) ఒక్కొక్కటీ ఊడదీసి తగిలించాలి, ఆ పని ఎవరికీ వద్దు.

ఇదే రోగం స్లగ్‌లో, అంటే టైటిల్ నుంచి తయారై యూఆర్ఎల్‌లో కనపడే ముక్కలో, కూడా ఉంది. స్లగిఫై ఫంక్షన్‌కి తెలుగు టైటిల్ మామూలుగా ఇస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, సరే యూనికోడ్ అలవ్ చెయ్యమని ఆప్షన్ ఉంది కదా అని అది ఆన్ చేసి 'తెలుగు వంటలు' అని ఇస్తే 'తలగ-వటల' అని వస్తుంది. గుణింతాలన్నీ ఒలిచేసి హల్లులు మాత్రం చేతికిస్తుంది! దీనికి సొంతంగా నాలుగు లైన్ల ఫంక్షన్ రాసుకోవడమే మంచిది, యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో కేటగిరీ అడిగితే ప్రతి క్యారెక్టర్‌కీ చెప్తుంది, అక్షరం, మార్కు, అంకె ఈ మూడిట్లో ఏదైనా అయితే ఉంచు, స్పేస్ అయితే హైఫన్ పెట్టు, మిగతాది తీసెయ్, అంతే. అయితే అది చేసినా స్లగ్‌ఫీల్డ్ వ్యాలిడేటర్ ఒప్పుకోదు, అదీ అదే రెజెక్స్, కాబట్టి మామూలు చార్‌ఫీల్డ్ పెట్టుకోవాలి, యూఆర్ఎల్ పాత్‌లో కూడా స్లగ్ కన్వర్టర్ బదులు స్ట్రింగ్ కన్వర్టర్ వాడాలి, ఎందుకంటే స్లగ్ కన్వర్టర్‌కి ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఇంకేం తెలియదు. నేను ఇంకో అడుగు వేసి యూఆర్ఎల్‌లో ముందు ఐడీ పెట్టి తర్వాత స్లగ్ పెడతా, రికార్డు వెతికేది ఐడీతోనే, స్లగ్ చూడ్డానికి మాత్రమే. ఎందుకంటే తెలుగు లింక్‌ని వాట్సాప్‌లో పంపించినప్పుడు పర్సెంట్ గుర్తులతో ఎన్‌కోడ్ అయిపోయి వెళ్ళే సందర్భాలు ఉంటాయి, ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక తొమ్మిది క్యారెక్టర్లు, ఒక మాదిరి టైటిల్‌కే లింక్ చేంతాడంత అవుతుంది, మధ్యలో ఎవరో సగమే కాపీ చేసినా ముందున్న ఐడీ వల్ల సరైన పుస్తకమే తెరుచుకుంటుంది.

పొడవు సంగతి కూడా చూసుకోవాలి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, డేటాబేస్‌కి ఆరు, స కి ఒకటి, పొల్లుకి ఒకటి, త, మళ్ళీ పొల్లు, ర, ఈత్వం దీర్ఘం. మ్యాక్స్ లెంగ్త్ ముప్పై చాలులే అనుకున్న ఫీల్డ్‌లో ఇంటిపేరుతో సహా పేరు పట్టదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, మన లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఉంటుంది, అది ఆ పొడవుని అసలు పట్టించుకోదు, ఎంత ఇచ్చినా మింగేస్తుంది, జాంగో కూడా ఫారం ద్వారా వస్తే చెక్ చేస్తుంది కానీ కోడ్‌లోంచి నేరుగా సేవ్ కొడితే చెక్ చెయ్యదు, సర్వర్‌లో ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాత్రం ఎర్రర్ విసురుతుంది. అందుకే లైవ్‌లో పోస్ట్‌గ్రెస్ అయితే లోకల్‌లో కూడా పోస్ట్‌గ్రెస్సే పెట్టుకోండి, ఈ ఒక్క కారణానికే కాదు, ముందు ముందు ఇంకోటి చెప్తా. టెంప్లేట్‌లో టైటిల్ చిన్నది చెయ్యడానికి ట్రంకేట్‌చార్స్ ఫిల్టర్ వాడుతుంటారు, అది 'గుడి'ని 'గుడ' దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టగలదు, చదివేవాళ్ళకి ఎంత అసహ్యంగా ఉంటుందో. ట్రంకేట్‌వర్డ్స్ వాడండి, లేదంటే పూర్తి టైటిల్ ఇచ్చి సీఎస్ఎస్‌లో కట్ చెయ్యండి, బ్రౌజర్‌కి ఆ పని మనకంటే బాగా తెలుసు.

సెర్చ్ దగ్గరికి వస్తే నాకు చాలా చెప్పాలని ఉంటుంది. 'సాఫ్ట్‌వేర్' అనే మాట టైప్ చేసినప్పుడు ట వత్తుకీ వే కీ మధ్య అవి అతుక్కోకుండా ఒక కనపడని క్యారెక్టర్ పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. కొన్ని కీబోర్డులు పెడతాయి కొన్ని పెట్టవు, డేటాలో అది ఉండి వెతికేవాళ్ళు అది లేకుండా కొడితే రిజల్ట్ సున్నా, కళ్ళ ముందు పుస్తకం ఉన్నా దొరకదు. అలాగే పాత కేటలాగ్‌లు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైప్ చేసినవి ఉంటాయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఐత్వం ఒక్క క్యారెక్టర్‌గా కాకుండా ఎత్వం ప్లస్ ఐత్వం కింద గుర్తు అని రెండు ముక్కలుగా వచ్చే అవకాశం ఉంది, చూడ్డానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరు వేరు. దీనికి నేను చేసేది ఏంటంటే ప్రతి పుస్తకానికీ వెతకడానికని ఒక వేరే కాలమ్ పెడతా, సేవ్ అయ్యేటప్పుడు టైటిల్‌నీ రచయిత పేరునీ కలిపి ఎన్ఎఫ్‌సీకి (ముక్కలుగా ఉన్న గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) నార్మలైజ్ చేసి, కనపడని క్యారెక్టర్లు తీసేసి, ఎక్కువ స్పేసులు ఒకటి చేసి అందులో పెడతా, దాని పక్కనే ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన రూపం కూడా, ఎందుకంటే వాట్సాప్ అలవాటుతో సగం మంది వంటలు అన్న మాట ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతారు. వెతికేవాళ్ళు కొట్టిన మాటని కూడా అదే ఫంక్షన్‌లోంచి పంపించి ఆ కాలమ్ మీద వెతకడం. రెండు వైపులా ఒకటే ఫంక్షన్, అదే కిటుకు. పోస్ట్‌గ్రెస్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్ ఉంది కదా అంటారు, ఉంది, దాంట్లో హిందీకి తమిళానికి భాషా కాన్ఫిగరేషన్ ఉంది, తెలుగుకి లేదు, సింపుల్ అనే కాన్ఫిగరేషన్‌తో నడపొచ్చు కానీ అది 'పుస్తకం', 'పుస్తకాలు' రెండూ ఒకటే అని పట్టుకోలేదు.

ఇప్పటిదాకా రాత గురించి, ఇక లెక్క గురించి. పుస్తకాల లిస్ట్ పేజీలో యాభై పుస్తకాలు చూపిస్తున్నాం, ఒక్కోదాని పక్కన రచయిత పేరు, పబ్లిషర్ పేరు. టెంప్లేట్‌లో బుక్ డాట్ ఆథర్ డాట్ నేమ్ అని రాయడం ఎంత తేలిక, కానీ ఆ డాట్ పెట్టిన ప్రతిసారీ జాంగో డేటాబేస్ దగ్గరికి ఒక ట్రిప్ వేస్తుంది, లిస్ట్‌కి ఒక క్వెరీ, రచయితలకి యాభై, పబ్లిషర్లకి యాభై, మొత్తం 101. పది రికార్డులప్పుడు తెలియదు. సెలెక్ట్_రిలేటెడ్ అని ఆ రెండు ఫీల్డ్ పేర్లూ ఇస్తే జాయిన్ వేసి (అంటే టేబుళ్ళు కలిపి) మొత్తం ఒక్క క్వెరీలో తెచ్చేస్తుంది. ట్యాగుల్లాంటివి, అంటే ఒక పుస్తకానికి చాలా ఉండేవి అయితే ప్రీఫెచ్_రిలేటెడ్, అది ఇంకో క్వెరీ వేసి పైథాన్‌లో జత కలుపుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తెలియక పోగొట్టుకునేది ఏంటంటే ప్రీఫెచ్ చేసిన తర్వాత దాని మీద డాట్ ఫిల్టర్ అని రాస్తే ఆ తెచ్చిపెట్టుకున్నది పక్కన పడేసి మళ్ళీ కొత్త క్వెరీ వేస్తుంది, ప్రతి పుస్తకానికీ. ఫిల్టర్ కావాలంటే ప్రీఫెచ్ ఆబ్జెక్ట్‌లోనే క్వెరీసెట్ ఇచ్చెయ్యాలి.

లెక్కల విషయంలో ఇంకా ప్రమాదం, అది స్లో అవ్వడం కాదు, తప్పు చెప్పడం. ఒక పుస్తకానికి మూడు కాపీలు ఉన్నాయి, నాలుగు రిజర్వేషన్లు ఉన్నాయి అనుకోండి, యానొటేట్‌లో (ప్రతి రికార్డు పక్కన ఒక లెక్క కట్టి ఇచ్చేది) రెండు కౌంట్లూ ఒకేసారి అడిగితే రెండూ పన్నెండు అని వస్తాయి, రెండు జాయిన్లు కలిసి గుణించుకుపోతాయి. డిస్టింక్ట్ ట్రూ అని రెండిటికీ పెడితే మూడు, నాలుగు అని సరిగ్గా వస్తుంది. టెస్ట్ డేటాలో ఒక కాపీ ఒక రిజర్వేషన్ ఉంటే ఒకటి ఇంటూ ఒకటి ఒకటే కదా, అన్ని టెస్టులూ పచ్చగా పాస్! ఇలాంటిది చూసినప్పుడే నాకు నిజమైన డేటా మీద అంత పట్టుదల.

డీబగ్ టూల్‌బార్ వేసుకుని ప్రతి పేజీకీ ఎన్ని క్వెరీలో ఒక కన్ను వెయ్యండి, ఆ నంబర్ని టెస్ట్‌లో అసర్ట్‌నమ్‌క్వెరీస్‌తో బిగించెయ్యండి, రేపు ఇంకొకరెవరో టెంప్లేట్‌లో ఒక డాట్ ఎక్కువ పెట్టినా టెస్ట్ అరుస్తుంది.

ఇక అసలైన చోటు, పుస్తకం ఇచ్చే చోటు. ఆఖరి కాపీ ఒకటే ఉంది, కౌంటర్ దగ్గర ఒకరు, ఫోన్‌లో రిజర్వ్ చేస్తూ ఇంకొకరు, ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కారు. అందరూ మామూలుగా రాసే కోడ్ ఏంటంటే పుస్తకం రికార్డు తెచ్చి, మిగిలింది సున్నా కంటే ఎక్కువేనా చూసి, ఒకటి తగ్గించి, సేవ్. ఇద్దరికీ ఒకటి ఉన్నట్టే కనపడుతుంది, ఇద్దరికీ ఇచ్చేస్తాం. దీనికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒక్క లైన్ అప్‌డేట్, ఆ ఐడీ ఉండి మిగిలింది సున్నా కంటే ఎక్కువ ఉన్న రికార్డుని ఫిల్టర్ చేసి, అక్కడికక్కడే ఎఫ్ ఎక్స్‌ప్రెషన్‌తో మిగిలినదాంట్లోంచి ఒకటి తగ్గించమని అప్‌డేట్ ఇవ్వడం. అప్‌డేట్ ఎన్ని రికార్డులకి తగిలిందో నంబర్ తిరిగిస్తుంది, ఒకటి వస్తే పుస్తకం మీది, సున్నా వస్తే అయిపోయిందండి అని చెప్పెయ్యాలి. చూడటం, తగ్గించడం రెండూ డేటాబేస్ లోపలే ఒకే దెబ్బలో అయిపోతాయి కాబట్టి మధ్యలో ఇంకొకరు దూరే సందు లేదు. ఇంకా పెద్ద లాజిక్ ఉంటే, అంటే సభ్యుడికి బాకీ ఉందా, ఆల్రెడీ ఎన్ని తీసుకెళ్ళాడు ఇలాంటివి చూడాల్సి వస్తే ట్రాన్సాక్షన్ అటామిక్ (లోపలివన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు) లోపల సెలెక్ట్_ఫర్_అప్‌డేట్‌తో రికార్డుకి తాళం వేసుకోవాలి. ఇందాక చెప్తా అన్నది ఇదే, ఎస్‌క్యూలైట్ మీద సెలెక్ట్_ఫర్_అప్‌డేట్ ఏమీ చెయ్యదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, ఊరికే ఉండిపోతుంది, కాబట్టి మన లాప్‌టాప్‌లో తాళం పడిందో లేదో తేల్చుకోలేం.

పుస్తకం ఇచ్చాక ఎస్ఎంఎస్ పోవాలి. ఆ పంపించే కాల్ అటామిక్ బ్లాక్ లోపల పెడితే ఎస్ఎంఎస్ వెళ్ళిపోయాక కింద ఏదో ఎర్రర్ వచ్చి మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే చేసిందంతా రద్దవుతుంది, డేటాబేస్‌లో ఏమీ లేదు, ఆయన ఫోన్‌లో మాత్రం మీరు పుస్తకం తీసుకున్నారు అని మెసేజ్. ట్రాన్సాక్షన్ ఆన్_కమిట్‌లో ఆ ఫంక్షన్ ఇవ్వండి, కమిట్ అయితేనే నడుస్తుంది. మన దేశంలో ఎస్ఎంఎస్ టెంప్లేట్ ముందే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) రిజిస్టర్ చేయించాలి ఎలాగూ, తెలుగులో రాయించేటప్పుడు గుర్తుపెట్టుకోండి, ఇంగ్లీష్‌లో ఒక మెసేజ్‌కి 160 పడితే తెలుగులో 70 మాత్రమే, అదీ గుణింతాలు పొల్లులు విడివిడిగా లెక్కే. పుస్తకం టైటిల్ మొత్తం పెడితే రెండు మూడు మెసేజ్‌ల బిల్లు పడుతుంది, అందుకే పుస్తకం నంబర్, గడువు తేదీ చాలు.

తేదీ అన్నాను కదా, కొత్త ప్రాజెక్ట్‌లో టైమ్‌జోన్ సెట్టింగ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని వస్తుంది, దాన్ని ఏషియా కోల్‌కతా అని మార్చుకోండి. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, అంటే రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి 5:30 దాకా యూటీసీ లెక్కలో ఇంకా నిన్నే. గ్రంథాలయం ఆ టైమ్‌లో మూసే ఉంటుంది కానీ ఫోన్‌లో రిజర్వ్ చేసేవాళ్ళకి టైమ్ ఏముంది. సెట్టింగ్ మార్చాక కూడా టైమ్‌జోన్ డాట్ నౌ తీసుకుని దాని మీద డేట్ అడిగితే యూటీసీ తేదీనే ఇస్తుంది, లోకల్‌డేట్ అని వేరే ఫంక్షన్ ఉంది, గడువు తేదీలకి అదే వాడాలి. గడువు దాటినవాళ్ళకి గుర్తుచెయ్యడానికి ఇంత చిన్న యాప్‌కి సెలరీ, రెడిస్ అని పెద్ద సరంజామా అక్కర్లేదు, ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాసి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు నడిపేది) పెట్టండి చాలు, సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే పొద్దున తొమ్మిదింటికి పోవాలంటే క్రాన్‌లో 3:30 అని రాయాలి.

మరి ఈ నిజమైన డేటా ఎక్కడినుంచి తేవాలి అంటారా. మొదట్లో అయితే గ్రంథాలయం రిజిస్టర్‌లోంచి టైప్ చేసిన ఎక్సెల్ షీట్ ఉంటుంది, అందులోంచి టైటిళ్ళు తీసుకుని, అటూ ఇటూ కలిపి వేలల్లో పెంచే కమాండ్ ఒకటి రాసుకోండి. బల్క్_క్రియేట్ వాడితే గబగబా ఎక్కేస్తుంది, కాకపోతే అది సేవ్ మెథడ్‌ని పిలవదు, సిగ్నల్స్ కూడా పంపదు, ఇందాక చెప్పిన స్లగ్, వెతికే కాలమ్ సేవ్‌లో నింపుతుంటే అవి ఖాళీగా ఉండిపోతాయి, కాబట్టి ఆ నింపే ఫంక్షన్ బయట విడిగా రాసుకుని రెండు చోట్లా పిలవండి. డేటా నిండాక యూనిక్ కాలమ్ ఒకటి కొత్తగా చేర్చాలన్నా మూడు మెట్లలో దిగాలి, ముందు నల్ ఒప్పుకునేలా చేర్చు, తర్వాత రన్‌పైథాన్‌లో పాత రికార్డులు నింపు, ఆ తర్వాత యూనిక్ బిగించు, ఆ మధ్య మెట్టులో మోడల్‌ని ఇంపోర్ట్ చెయ్యకుండా యాప్స్ డాట్ గెట్_మోడల్‌తో తీసుకోండి, లేకపోతే ఏడాది తర్వాత మోడల్ మారినప్పుడు ఈ పాత మైగ్రేషన్ విరుగుతుంది.

లైవ్ నడుస్తున్న యాప్ అయితే లైవ్ డేటాబేస్ డంప్ (మొత్తం కాపీ) లోకల్‌కి తెచ్చుకుంటారు, అక్కడ మాత్రం జాగ్రత్త, అందులో జనాల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏం చదువుతున్నారో మొత్తం ఉంటుంది. 2023లో మన దేశానికి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, చట్టం సంగతి అలా ఉంచినా ఒక మనిషి ఏ పుస్తకం తీసుకెళ్ళాడన్నది నా లాప్‌టాప్‌లో ఉండాల్సిన పని లేదు. డంప్‌ని లాప్‌టాప్‌కి తెచ్చి మార్చడం కాదు, సర్వర్ దగ్గరే ఒక కాపీ డేటాబేస్ చేసి, మార్చే కమాండ్ దాని మీద నడిపి, ఆ మార్చినదాన్నే డంప్ తీసి బయటికి తెస్తాను. ఆ కమాండ్ ఫోన్ నంబర్లన్నీ మార్చేస్తుంది, ఎవరు ఏది తీసుకున్నారన్నది సభ్యుల మధ్య కలగాపులగం చేస్తుంది, పేర్లని మాత్రం యూజర్ ఒకటి, యూజర్ రెండు అని పెట్టదు. ఇంటిపేర్లు ఒక లిస్ట్, అసలు పేర్లు ఒక లిస్ట్ ఉంటాయి, అందులోంచి యాదృచ్ఛికంగా తీసి కలుపుతుంది, ఆ లిస్టుల్లో పొడవాటి పేర్లు, వత్తులున్నవి, పొల్లుతో ఆగేవి, ఐత్వం ఉన్నవి కావాలనే ఎక్కువ పెట్టాను. మీ వెంకటసుబ్బలక్ష్ములూ, శ్రీకృష్ణచైతన్యలూ అక్కడ ఉంటేనే ఆ ఫారంలో పేరు పడుతుందో లేదో తెలుస్తుంది.